నలభై మూడో పుస్తకం

భీమవరం,
జూన్ 12, 2024.

పూజ్యులైన అప్పాజీ మాష్టారు గారికి,

మీ పాత విద్యార్థి హరిబాబు నమస్కారాలండి. మీకు వినికిడి బాగా తగ్గిందని, ఫోను చేస్తే పక్కింటి మందుల షాపు ఇంద్రజ గారు ఎత్తి మీకు పలక మీద రాసి చూపిస్తున్నారని తెలిసింది. "పెద్ద విషయమైతే ఉత్తరం రాయండి, ఆయనకి తిట్టడానికైనా పనికొస్తుంది" అని ఆవిడే అన్నారండి. అందుకే పదేళ్ళ తర్వాత పెన్ను పట్టాను.

1991లో రాజమండ్రి కాలేజీలో మీరు మాకు గ్రీకుల ఆనందం గురించి పదకొండు క్లాసులు చెప్పారు, గుర్తుందా అండి? ఫ్యాను తిరగని రూములో చెమట తుడుచుకుంటూ, "ఆనందమంటే మనసులో కలిగే గిలిగింత కాదు, బతుకంతా చేసే పని" అన్నారు. ఆ నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. ఇవాళ నేను పాజిటివ్ సైకాలజీ ట్రైనర్‌ని అయ్యానంటే ఆ పదకొండు క్లాసులే పునాది. ప్రతి వర్క్‌షాపులో మీ పేరు చెప్పాకే మైకు పట్టుకుంటాను.

ఇప్పుడు పుస్తకం రాశానండి. పేరు 'ఇరవై ఒక్క రోజుల్లో ఆనందం'. దానికి మీరే ముందుమాట రాయాలి. ఇంకెవరు రాసినా నాకు తృప్తి ఉండదు.

ఊరికే మాటలు కాదండి, రుజువులు కూడా పంపుతున్నాను. ఇక్కడ ఆంజనేయరాజు గారికి రొయ్యల ప్లాంటు ఉంది. రెండు వందల మంది ఆడవాళ్ళు రొయ్యలు వలుస్తారు. మార్చి నుంచి అక్కడ నా ప్రోగ్రాం నడుస్తోంది. ప్రతి ఒక్కరూ షిఫ్టు అయ్యాక ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు నోటుపుస్తకంలో రాసి, ఆఫీసులో ఇచ్చి వెళ్ళాలి. ఫిర్యాదులు రాయకూడదు. ఎవరైనా రాస్తే ఆ పేజీ చింపి, ప్రేమగానే, మళ్ళీ రాయిస్తాం. గొడవలు తగ్గాయి, సెలవులు తగ్గాయి, రాజుగారు ఎంతో సంతోషంగా ఉన్నారు. ఆ పుస్తకాల్లో నలభై రెండు ఏరి రాతప్రతితో పాటు కొరియర్ చేస్తున్నాను. ప్రతి పేజీ మీదా నవ్వే బొమ్మ ఆకుపచ్చ ముద్ర చూస్తారు. అవన్నీ నేనే కూర్చుని వేశానండి.

అక్టోబరులో ఆవిష్కరణ. మీరు వేదిక మీద ఉండాలి.

మీ
హరిబాబు

*

ధవళేశ్వరం,
జూన్ 24.

హరిబాబుకు,

దీవెనలతో మొదలుపెడదామని పెన్ను మూత తీశాను. ఎదురుగా నీ పుస్తకం అట్ట కనిపించింది. పొద్దుతిరుగుడు పువ్వుకి పళ్ళు పెట్టిన మహానుభావుడెవరు? దీవెనలు ఇంకోసారి చూద్దాం.

పార్శిలు పధ్నాలుగో తారీఖున అందింది. రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ముగించేసరికి నోరంతా చేదు. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకున్నాను.

నా పదకొండు క్లాసులు నీకు పునాది అన్నావు. ఆ పునాది తవ్వుకుపోయి, ఆ ఇటుకలతో మరుగుదొడ్డి కట్టావు. ఆ క్లాసుల్లో నేను చెప్పిన గ్రీకు పండితుడు ఏమన్నాడు? మనిషి బాగా బతికాడో లేదో అతని బతుకు మొత్తం చూసి గాని చెప్పలేం అన్నాడు. నువ్వు ఇరవై ఒక్క రోజుల్లో చెప్తావు. ఆయన లెక్కలో ధైర్యం ఉంది, న్యాయం ఉంది, స్నేహం ఉంది, తిండీ నీడా ఉన్నాయి, అన్నిటికీ మించి ఒక మంచి ఊరు ఉంది. ఆ ఊళ్ళో పనంతా బానిసలు చేశారన్న సంగతి ఆయన మింగేశాడు, అది ఆయన పాపం. నువ్వు ఊరినీ న్యాయాన్నీ తీసేసి నోటుపుస్తకం ఒక్కటి ఉంచావు.

రెండో అధ్యాయంలో బానిసగా పుట్టిన తత్వవేత్తను ఈడ్చుకొచ్చావు. యజమాని కాలు మెలితిప్పుతుంటే అతను "విరుగుతుంది" అన్నాడట. విరిగాక "చెప్పానుగా" అన్నాడట. దీన్ని నువ్వు సహనానికి ఉదాహరణగా రాశావు. సరిగ్గా చదువు. ఆ మనిషి నిజం చెప్పాడు, విరగకముందే చెప్పాడు. "రెండో కాలు బాగుంది, కృతజ్ఞతలు" అనలేదు.

అక్కడి నుంచి ఒక్క గంతు వేసి మన కాలంలో దూకావు. మధ్యలో ఉన్నవాళ్ళు నీకు అక్కర్లేదు. సుఖాన్ని త్రాసులో తూచిన ఇంగ్లీషువాళ్ళున్నారు. రోగమంటే తప్పుడు ఆలోచన తప్ప మరేం కాదని అమెరికాలో చెప్పుకు తిరిగిన గడియారాల రిపేరు మనిషి ఉన్నాడు. అతని వెనక మనసు వైద్యం అమ్ముకున్న పెద్ద గుంపు ఉంది. నీ అసలు తాతలు వాళ్ళురా, గ్రీకులు కారు. 1998లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడైన పెద్దమనిషి, "ఇన్నాళ్ళూ రోగాన్నే చూశాం, ఇక మనిషిలో బాగున్నదాన్ని కూడా చూద్దాం" అన్నాడు. మాట మంచిదే. కాని ఆయన వయసులో ఉన్నప్పుడు ఏం చేశాడో నీ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. కుక్కల్ని కట్టేసి తప్పించుకోలేని కరెంటు షాకులిచ్చాడు. తర్వాత పారిపోయే దారి చూపించినా చాలా కుక్కలు కదల్లేదు, అక్కడే పడుకుని మూలిగాయి. ఆ శాస్త్రం ఆ మూలుగులోంచి పుట్టింది. కుక్కకి ఆశ నేర్పాలని ఆయనకి తోచింది. షాకు ఇస్తున్నదెవరని అడగాలని నీబోటివాడికి తోచలేదు.

నోటుపుస్తకాల మూట విప్పలేదు. కొబ్బరితాడుతో ఎలా కట్టావో అలాగే నా మంచం కింద ఉంది. విప్పను కూడా. జీతమిచ్చేవాడు చదువుతాడని తెలిసి రాసిన సంతోషంలో నేను చదవాల్సింది ఏముంటుంది? నీ నూట పన్నెండో పేజీ శాంపిలు చాలు. ఎవరో తబిత అట, "ఈరోజు మధ్యాహ్నం దాకా కళ్ళు మండలేదు" అని రాసిందట. దాని మీద నువ్వు రెండు పేజీల వ్యాఖ్యానం. "లేని బాధను కూడా వరంగా చూడగల హృదయం" అట. కళ్ళు మండకపోవడం ఆనందమైతే, మా వంటింటి గోడ ఇంకా కూలకపోవడం మోక్షమనుకోవాలి.

ముందుమాట రాయను. దానికి ఇంకో కారణం ఉంది. అది తత్వశాస్త్రం కాదు. అడగకు.

అప్పాజీ

*

భీమవరం,
జులై 5.

మాష్టారు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం మా ఆవిడ దుర్గాశ్రీ ముందు చదివింది. చదివి, "ఈయన మిమ్మల్ని ఇంత తిడుతుంటే మీరు వేదిక మీద పేరు చెప్తారా?" అంది. చెప్తానన్నాను. ఇంకా చెప్తానండి. కాని ఈసారి నేను కూడా కొంచెం మాట్లాడతాను.

మీకు తెలియని సంగతి ఒకటుంది. 1995లో మా నాన్నగారి రొయ్యల చెరువులకి తెల్లమచ్చ వైరస్ వచ్చింది. పొద్దున లేచేసరికి నీళ్ళ అంచున ఎర్రగా తేలుతున్నాయండి. ఎకరాలకి ఎకరాలు. నాన్నగారు ఆ గట్టు మీదే పురుగుమందు తాగారు. చెరువుకి మందు కొట్టడానికి నేనే తెచ్చిన డబ్బా అది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు నేను బతికున్నాననే చెప్పలేనండి. మీ నోట్సు తీసి చదివేవాణ్ణి. అంతా అర్థమయ్యేది, ఏదీ పట్టుకుని లేవడానికి పనికొచ్చేది కాదు. 2007లో హైదరాబాదులో ఒక ట్రైనింగులో, రోజుకి మూడు మంచి విషయాలు రాయమన్నారు. మొదటి రోజు గంటసేపు కూర్చుంటే ఒకటే వచ్చింది: "అమ్మ ఇవాళ పెరుగన్నం తినింది." ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. దాన్ని మీరు మరుగుదొడ్డి అన్నారు.

ఇది గడియారాల మనిషి గారడీ కాదండి. పరీక్షించారు. రాసినవాళ్ళనీ రాయనివాళ్ళనీ విడివిడిగా పెట్టి నెలల తరబడి చూశారు. మీరు నలభై ఏళ్ళు దుఃఖం గురించి పాఠం చెప్పారు మాష్టారూ. ఒక్కరి దుఃఖమైనా తగ్గిందా? కోపంతో కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

మీరు వెక్కిరించిన ఆ తబిత గారు నన్ను రెండుసార్లు అడిగింది. "ధవళేశ్వరం మాష్టారు గారు మా పుస్తకాలు చదివారా అండీ? నాది ముందు చదవమని చెప్పండి" అని. పదో తరగతి చదివిన మనిషి, షెడ్డులో అందరికీ పెద్దదిక్కు. బయటి నుంచి చదువుకున్నాయన చదువుతున్నారంటే వాళ్ళకి అదో గౌరవం. నా మీద కోపం ఆవిడ మీద చూపించకండి.

హరిబాబు

*

ధవళేశ్వరం,
జులై 23.

హరిబాబుకు,

మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే పొద్దుతిరుగుడు పువ్వు మీద అన్ని మాటలు వాడేవాణ్ణి కాదు. ఆ పర్సులో కాగితాన్ని నేనేమీ అనను. అది నీది.

ఒక్కరి దుఃఖమైనా తగ్గించారా అని అడిగావు. లేదు. ఇప్పుడు నువ్వు అడగకూడదన్న కారణం నేనే చెప్తాను.

ఆరేళ్ళ క్రితం మీ అమ్మగారు, అదే, నా భార్య రత్నమాణిక్యం, ఎముకల్లోకి పాకిన క్యాన్సరుతో మంచంలో ఉన్నప్పుడు నువ్వు పళ్ళు తీసుకుని వచ్చావు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "అమ్మగారూ, శరీరం మనసు మాట వింటుందండి. నెగెటివ్‌గా ఒక్క మాట కూడా అనకండి" అన్నావు. ఆమెకు నువ్వంటే ఇష్టం. నీ మాట పట్టుకుంది. ఆ తర్వాత నలభై రోజులు బతికింది. నలభై రోజులూ నొప్పి అనలేదు. "ఎలా ఉంది?" అంటే "బాగుందండీ" అనేది. మాత్ర అడిగేది కాదు. నేను తత్వశాస్త్రం చదువుకున్న గాడిదను కనుక, నిజంగా బాగుందనుకున్నాను. పోయాక దిండు తిప్పితే గలేబు అంచంతా పళ్ళతో కొరికి ఉంది.

తనకు తగ్గకపోవడం తన మనసు తప్పేనని ఆమె నమ్మి పోయింది. ఆ నమ్మకం పళ్ళ సంచితో పాటు మా ఇంటికి తెచ్చింది నువ్వు.

ఇప్పుడు నీ పరీక్షల సంగతి. నీ ఐదో అధ్యాయంలో చెడు భావం ఒకటైతే మంచి భావాలు దాదాపు మూడు ఉండాలని, నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్క కట్టిన అంకె వేశావు. నీళ్ళూ గాలీ ప్రవహించే లెక్కలు తెచ్చి మనిషి నవ్వుకి అతికించారు. యాభై దాటాక మళ్ళీ చదువుకోవడానికి వెళ్ళిన ఒక విద్యార్థి ఆ లెక్క పట్టుకుని, ఇంకో ఇద్దరితో కలిసి, అది ఎందుకూ పనికిరాదని 2013లో అచ్చువేశాడు. పదకొండేళ్ళయింది. నీ దాకా రాలేదు. అమ్ముకునేవాడి దగ్గరికి అలాంటి వార్తలు నెమ్మదిగా వస్తాయి. నీ శాస్త్రం మీద మొత్తం పధ్నాలుగు పేజీల వ్యాసం రాస్తున్నాను. పత్రికకి పంపుతాను. గ్రీకుల దగ్గర మొదలుపెట్టి నీ దగ్గర ముగిస్తాను.

ఇక్కడ గోదావరి పెరుగుతోంది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారట, ఇంద్రజ పలక మీద రాసి చూపించింది. మా నాన్న ఆనకట్ట ఆఫీసులో నీటిమట్టం చదివే ఉద్యోగం చేశాడు. వానలో గొడుగు పట్టుకుని వెళ్ళి, రాతి మీద గీతలు చూసి, ఎన్ని అడుగులుంటే అన్ని అడుగులని రాసేవాడు. పైవాడికి నచ్చుతుందా అని చూడలేదు. "ఈరోజు నది అందంగా ఉంది" అని రాసి ఉంటే కిందనున్న లంక ఊళ్ళన్నీ కొట్టుకుపోయేవి. బుద్ధుడు కూడా మొదటి మాటగా దుఃఖం ఉంది అన్నాడు. వైద్యుడు ముందు రోగం పేరు చెప్తాడు. మీరు పేరు చెప్పొద్దంటారు.

తబిత గారికి చెప్పు, తీరిక దొరికినప్పుడు చదువుతాను. ముందు వ్యాసం పూర్తి కావాలి.

అప్పాజీ

*

ధవళేశ్వరం,
ఆగస్టు 7, మధ్యాహ్నం.

హరిబాబూ,

ఇది చదివిన వెంటనే లే. ఏ పనిలో ఉన్నా ఆపి ప్లాంటుకి వెళ్ళు.

నిన్న వానకి కిటికీలోంచి జల్లు కొట్టి గదిలోకి నీళ్ళు వచ్చాయి. మంచం కింద మూట తడిసింది. ఆరబెడదామని విప్పాను. తబిత పుస్తకం పైనే ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని ఊరికే ఒక పేజీ చూశాను. అక్కడి నుంచి చీకటి పడేదాకా లేవలేదు.

ఆమె రాసినవి తేదీలతో దించుతున్నాను, చూడు.

మార్చి 19. "వాసన టీ టైముకి ముందే పోయింది."
ఏప్రిల్ 8. "ఈరోజు ఇద్దరికే వాంతులయ్యాయి."
ఏప్రిల్ 27. "గ్యాసు పైపు దగ్గర టేబులు నుంచి వీరవేణిని మార్చారు. దగ్గు తగ్గింది."
మే 16. "ఈరోజు మధ్యాహ్నం దాకా కళ్ళు మండలేదు."
జూన్ 6. "పైపు జాయింటు దగ్గర గుడ్డ కొత్తది చుట్టారు."
జూన్ 10. "తలుపు తాళం తియ్యమంటే ఒకసారి తీశారు."

మిగతావాళ్ళవీ చదివాను. పాపాయి, వీరవేణి, అందరివీ. నలభై రెండింటిలో ముప్పై ఒక్క పుస్తకాల్లో వాసనో, కళ్ళో, దగ్గో ఉంది. మా నాన్న గీసినట్టు కాగితం మీద గీతలు గీసి లెక్క వేశాను. మార్చిలో నాలుగుసార్లు. ఏప్రిల్లో పదకొండు. మేలో పంతొమ్మిది. జూన్ మొదటి పది రోజుల్లోనే ఇరవై మూడు. నది పెరిగినట్టు పెరుగుతోంది. ఫ్రీజర్లకు వాడే అమ్మోనియా ఎక్కడో కారుతోంది. వాళ్ళ వెనక తలుపుకి తాళం వేసి ఉంటోంది.

వీళ్ళు మంచి విషయాలు రాయలేదు. నువ్వు చెడు రాయనివ్వలేదు కనుక, చెడుని తక్కువ చేసి రాశారు. విరుగుతుంది అని మూడు నెలలు చెప్తూనే ఉన్నారు. ప్రతి మాట మీదా నీ నవ్వే బొమ్మ ముద్ర ఉంది. ఆ మే 16 మాటే నీ నూట పన్నెండో పేజీ. నువ్వు దాన్ని పొగిడావు, నేను వెక్కిరించాను. ఇద్దరిలో ఎవరమూ చదవలేదు.

ఇంద్రజ నీ ఫోనుకి నాలుగుసార్లు చేసింది. నువ్వేదో మౌన శిబిరంలో ఉన్నావట, రేపటిదాకా ఫోను ఆపేస్తారట. ప్లాంటు ఆఫీసుకి చేస్తే "హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి మేడమ్" అని పెట్టేశారట. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి రిజిస్టరు పోస్టులో రాశాను. రేపు తెల్లారి మొదటి బస్సుకి ఇంద్రజే షాపు మూసి ఈ ఉత్తరం పట్టుకుని మీ ఇంటికి వస్తుంది. నాకు బస్సెక్కే మోకాళ్ళు లేవు.

వెళ్ళు.

అప్పాజీ

*

భీమవరం,
ఆగస్టు 14, బుధవారం.

మాష్టారు గారికి,

ఇంద్రజ గారు ఎనిమిదో తారీఖు పొద్దున్న వచ్చేసరికి మా ఇంటికి తాళం ఉందండి. దుర్గాశ్రీ ఆసుపత్రిలో ఉంది, అన్నం క్యారేజీలు మోస్తోంది. ముందురోజు సాయంత్రం నాలుగున్నరకి, అంటే మీరు ఆ ఉత్తరం రాసిన రోజునే, పైపు జాయింటు ఊడిపోయింది. గుడ్డ చుట్టారని ఆవిడ రాసిన చోటే. వెనక తలుపు తాళం చెవి సూపర్‌వైజరు జేబులో ఉంది, అతను టీకి వెళ్ళాడు. ఇరవై ఆరు మంది పడిపోయారు. ప్రాణాలు దక్కాయండి అందరికీ. తబిత గారు అందర్నీ ముందు తలుపులోంచి బయటికి తోసి ఆఖరున వచ్చిందట. ఆవిడ రెండు కళ్ళూ కాలిపోయాయి. రాజమండ్రి కంటి ఆసుపత్రికి మార్చారు.

"అందరికీ ప్రాణాలు దక్కాయి" అని రాశాను చూడండి. నా చెయ్యే అలా రాస్తోంది.

మీకు ఒక విషయం చెప్పాలండి. పరీక్షలు చేశారన్నాను కదా. నేను 2007లో నేర్చుకున్నప్పుడు ఎవరి పుస్తకం వాళ్ళ దగ్గరే ఉండేది. యజమానికి ఇవ్వడం, ఫిర్యాదు పేజీ చింపడం ఎక్కడా లేదు. అవి నేను కలిపాను. రాజుగారు "నా వాళ్ళేమనుకుంటున్నారో నాకు తెలియాలి కదా హరిబాబూ" అన్నారు, సరేనన్నాను. మా అమ్మ పెరుగన్నం తినిందని రాసిన కాగితాన్ని ఎవరైనా అడిగితే నేను ఇచ్చేవాణ్ణా?

అమ్మగారి దిండు సంగతి చదివాక నాకు నిద్ర లేదు.

విచారణ మొదలైంది. రాజుగారి మేనేజరు సురేష్‌బాబు ఇన్‌స్పెక్టరు ముందు, "ఐదు నెలల్లో ఒక్క ఫిర్యాదు లేదు సార్. రోజూ వాళ్ళ చేత్తో వాళ్ళే రాశారు, అందరూ హ్యాపీ" అన్నాడు. పుస్తకాలు చూపించమన్నారు. అప్పుడు రాజుగారు మొదటిసారి విప్పి చదివారట. ఆ సాయంత్రం నుంచి ప్లాంటులో పుస్తకాలు కనబడటం లేదు. వానకి పాడైపోయాయంటున్నారు. మిగిలినవి మీ దగ్గరున్న నలభై రెండే.

వాటిని వెనక్కి తెప్పించమని రాజుగారు నాకు చెప్పారు. సోమవారం పొద్దున మీ ఇంటికి కారు పంపుతున్నారు. మీకు ఉత్తరం రాసి చెప్పమన్నారు, చెప్తున్నాను. ఇది శుక్రవారానికల్లా మీకు అందేలా కొరియర్ చేస్తున్నాను. శనివారం ఆఫీసులు తెరిచే ఉంటాయని విన్నాను.

ఇంతకంటే రాసే ధైర్యం లేదండి.

హరిబాబు

*

ధవళేశ్వరం,
సెప్టెంబరు 3.

హరిబాబుకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. రాయనిది కూడా అర్థమైంది. శనివారం ఇంద్రజ ఆటో పిలిస్తే, మూట ఒళ్ళో పెట్టుకుని ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్ళాను. ఒక్కో పుస్తకం పేరు చదివించి, నలభై రెండుకీ రసీదు రాయించుకున్నాను. నేను వేసిన లెక్క కాగితం జతచేశాను. సోమవారం కారు వచ్చింది. డ్రైవరుకి కాఫీ ఇచ్చి, మూటకి బదులు నీ రాతప్రతి ఇచ్చి పంపాను. పొద్దుతిరుగుడు పువ్వు రాజుగారికి నచ్చవచ్చు.

నా వాంగ్మూలంలో ఒక వాక్యం ఆ అధికారికి అర్థం కాలేదు. "పుస్తకాలు జూన్ 14న అందినవి, ఆగస్టు 6న విప్పబడినవి" అని రాశాను. "ఇది అవసరమా మాష్టారూ?" అని కాగితం మీద రాసి అడిగాడు. ఉండనివ్వమన్నాను. యాభై మూడు రోజులు ఆ మూట మీద పడుకున్నాను. అన్నాళ్ళూ నేనేం చేశానో తెలుసా? నీకు చదవడం రాదని నిరూపించే వ్యాసం రాస్తున్నాను. పధ్నాలుగు పేజీలూ పూర్తయ్యాయి. ఒక్క తప్పు లేదు. మొన్న పొయ్యిలో పెట్టాను. తప్పు లేని వ్యాసాల మీద నాకు అసహ్యం పుట్టింది.

నీమీద అసహ్యం పోయిందనుకోకు. ఉంది. కాని ఇప్పుడు దాని ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నువ్వు మా ఆవిడ చేత నొప్పి దాచిపెట్టించావు. ఆమె బాగుందంటే నేను నమ్మాను. నువ్వు ముద్ర వేశావు, నేను మంచం కింద తోశాను.

నిన్న తబితను చూడ్డానికి వెళ్ళాను. కళ్ళకు కట్లున్నాయి. ఎడమ కన్ను పోయినట్టే, కుడికన్ను కొంచెం దక్కవచ్చని డాక్టరు అన్నాడట. నాకు ఆమె మాట వినబడదు, ఆమెకు నేను కనబడను. మధ్యలో ఇంద్రజ పలక పట్టుకుని కూర్చుంది.

నేనెవరో ఇంద్రజ చెప్పగానే తబిత లేచి కూర్చుని ఏదో అడిగింది. ఇంద్రజ రాసింది: "మా పుస్తకం చదివారా మాష్టారు గారండీ?"

చదివానమ్మా అన్నాను.

"అర్థమైందా అండీ? తిన్నగా రాస్తే చింపేస్తున్నారు. అందుకే తక్కువొచ్చిందని రాద్దామని షెడ్డులో అందరికీ చెప్పా. చదువుకున్నోళ్ళకి తెలిసిపోద్ది అనుకున్నాం."

అర్థమైంది అన్నాను.

"ఎప్పుడు చదివారండీ?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే తేలికైన చోటు నా బతుకులో ఎప్పుడూ దొరకలేదు. ఆగస్టు ఆరున అన్నాను. గ్యాసు రావడానికి ముందురోజు. మూట వచ్చింది జూన్ పధ్నాలుగున అని కూడా చెప్పాను.

ఆమె వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంది. తర్వాత ఇంద్రజ నా వంక చూడకుండా రాసింది: "పోన్లెండి. చదివారు కదా. అంతే చాలు."

హరిబాబూ, ఆ పుస్తకాలన్నీ చదివినప్పుడు కూడా అంత అసహ్యం కలగలేదు. కళ్ళు పోయిన మనిషి, నాలో ఒక మంచి విషయం వెతికి నాకు ఇస్తోంది. ఆ అలవాటు నువ్వు నేర్పిందే, ఈసారి పుచ్చుకునేవాణ్ణి నేను. ఆరేళ్ళ క్రితం ఇంకో మంచం దగ్గర "బాగుందండీ" అంటే పుచ్చుకున్నట్టే.

ఈసారి పుచ్చుకోలేదు. "చాలదమ్మా" అన్నాను. గట్టిగానే అన్నానేమో, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "నన్ను తిట్టు. హరిబాబుని తిట్టు. రాజుగారిని తిట్టు. ఎవడూ చింపడు" అన్నాను.

ఆమె నవ్వింది. తల అడ్డంగా ఊపింది. కాసేపు దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది.

ఇంద్రజ పలక నింపింది, తుడిచింది, నింపింది, తుడిచింది. ఆఖరికి పలక పక్కన పెట్టేసి నా చేతి మీద కొట్టి, చెయ్యి తిప్పి సైగ చేసింది: ఆగడం లేదు, ఇది చాలదు అని. నేనే కిందికి దిగి, ఆసుపత్రి గేటు దగ్గర కొట్లో వంద పేజీల నోటుపుస్తకం కొని తెచ్చాను. తబిత చెప్పింది, ఇంద్రజ రాసింది. ఆమె మొహం ఎర్రబడటం, చెయ్యి గాలిలో లేవడం చూశాను. ఒక్క మాట వినబడలేదు. గంటన్నర కూర్చున్నాను. ఆఖరున ఆమె వేలిముద్ర వేయదలచుకోలేదు, సంతకమే పెడతానంది. ఇంద్రజ పెన్ను పట్టిస్తే వంకరగా పెట్టింది.

ఇది నలభై మూడో పుస్తకం. పదిహేడు పేజీలు. పైపు సంగతి, తాళం సంగతి, ఎవరికి ఎప్పుడు చెప్తే ఎవరేమన్నారో అంతా తేదీలతో ఉంది. రేపు ఇన్‌స్పెక్టరుకి ఇస్తున్నాను. ఆ పాత పుస్తకాల మీద ఉన్న ఆకుపచ్చ ముద్ర ఎవరిదని ఆయన అడుగుతాడు. నేను చెప్పను. నువ్వే రావాలి. వచ్చేటప్పుడు పర్సులో కాగితం కూడా తెచ్చుకో, అది ఎవరికీ చూపించక్కర్లేదు, దగ్గరుంటే ధైర్యంగా ఉంటుంది.

ఐదో పేజీ నుంచి తొమ్మిదో పేజీ దాకా నువ్వున్నావు. నీకు ముందే తెలియాలని చెప్తున్నాను.

పదకొండో పేజీలో నేనున్నాను. మంచి పేజీ, అక్షరం అక్షరం నిజం. ఇంటికి తెచ్చి రెండుసార్లు చదివాను. గోదావరి మట్టం రాసినట్టు రాయించింది.

చింపలేదు.

అప్పాజీ